శివారు స్టేడియం నుంచి ఇద్దరు కమిషనర్లకు

బిగ్ టెన్ కాన్ఫరెన్స్ కమిషనర్ టోనీ పెటిటి గారికి,
సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ కమిషనర్ గ్రెగ్ శాంకీ గారికి,



వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు అంచున, గోధుమ చేల మధ్య ఉన్న పుల్‌మన్ అనే ఊరి నుంచి రాస్తున్నాను. మీకు తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. మీకంటే ముందు ఇది చదవాల్సినవాళ్ళు కొందరున్నారు. పిల్లల్ని అమెరికా కాలేజీలకు పంపి, ఫీజు రసీదులో ‘అథ్లెటిక్స్’ అన్న పద్దు కనిపిస్తే ఇదేమిటని అడక్కుండా కట్టేసే మావాళ్ళు. బహిరంగ లేఖలో ఉన్న సుఖమే అది. కవరు మీద పేరొకరిది, చదివేది ఇంకొకరు.

2025 ఆగస్టు 30, శనివారం. మా నాన్న దివిసీమ నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు. ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోయారు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ సీజన్ తొలి ఆట ఉందంటే, సరే పదమన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి దారిలో రెండు ముక్కలు చెప్పాను. పేరుకి ఫుట్‌బాలే గానీ కాలికి పని తక్కువ, చేతికి ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే ఇంకో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. “కబడ్డీకి కొలతలు పెట్టినట్టుంది” అన్నారాయన. అంతకంటే మంచి నిర్వచనం నాకింతవరకు దొరకలేదు.

అవతలి టీము యూనివర్సిటీ ఆఫ్ ఐడహో. ఊరు మాస్కో.

“రష్యా వాళ్ళా?”

“కాదు నాన్నా. మొన్న మనం పెరుగు తెచ్చుకున్న ఊరు. ఎనిమిది మైళ్ళు.”

రాష్ట్రం వేరు, ఊరు మాత్రం పక్కదే. ఈ రెండు యూనివర్సిటీలు కూడా ఒక ఏడాది తేడాతో పుట్టినవే. వాళ్ళది 1889, మాది 1890. ఆ రాత్రి ఆట ఆఖరిదాకా లాగింది. చివరికి ఒక ఫీల్డ్ గోల్‌తో మావాళ్ళు 13–10తో బయటపడ్డారు. బయటికి నడుస్తుంటే నాన్న అడిగారు: “ఇంత దగ్గర ఊరు, ఇంత మంచి పోటీ. ఏటా ఆడుకుంటారా?”

లేదన్నాను. ఎందుకన్నారు. ఇల్లు చేరేదాకా చెప్పాను. ఆయనకు పూర్తిగా ఎక్కలేదు. నాకే సరిగ్గా చెప్పడం రాలేదనిపించింది. ఈ ఉత్తరం ఆ జవాబుకి రెండో ప్రయత్నం. ఇందులో మీ ఇద్దరి పేర్లూ వస్తాయి కాబట్టి మీ పేరిటే రాస్తున్నాను.

కాన్ఫరెన్స్ అంటే ఏమిటో మావాళ్ళకు ముందు చెప్పాలి. ఇక్కడ ఏ కాలేజీ ఒంటరిగా సీజన్ నడపలేదు. ఎవరితో ఎప్పుడు ఆడాలి, టికెట్ల డబ్బు, టీవీ డబ్బు ఎలా పంచుకోవాలి, ఇవన్నీ కూర్చుని తేల్చుకునే పొత్తు కావాలి. నూరేళ్ళ కిందట ఆ పొత్తులు రైలు దూరాన్ని బట్టి కుదిరాయి. శనివారం ఆడి సోమవారం క్లాసుకి తిరిగి రాగలిగేంత దూరంలో ఉన్నవాళ్ళు ఒక జట్టు. అలా 1915లో పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ పుట్టింది. పుల్‌మన్ 1917లో చేరింది, మాస్కో 1922లో.

ఆ రోజుల్లో ఈ రెండు ఊళ్ళ మధ్య ఒక ఆచారం ఉండేది. 1930ల చివర్లో మొదలై మూడు దశాబ్దాలు నడిచింది. ఆటలో ఓడిన కాలేజీ విద్యార్థులు గెలిచినవాళ్ళ క్యాంపస్‌కి కాలినడకన వెళ్ళాలి. ఎనిమిది మైళ్ళూ. వెళ్ళాక, గెలిచినవాళ్ళు వాళ్ళని కార్లలో వెనక్కి దింపాలి. 1954లో దాదాపు మూడు దశాబ్దాల తర్వాత మొదటిసారి ఐడహో గెలిస్తే, పుల్‌మన్ నుంచి రెండు వేల మంది దాకా నడిచారట. నాన్నకు ఆట మొత్తంలోకీ నచ్చింది ఈ కథే.

ఇక మీ కథ.

1984దాకా కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులన్నీ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి. ఎంత పెద్ద టీమైనా రెండేళ్ళలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదని కట్టడి. 1981లో ఒక వారం ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియాల ఆటను 200కు పైగా స్టేషన్లు చూపించాయి. అదే వారం సిటడెల్, అపలాచియన్ స్టేట్‌ల ఆటను నాలుగంటే నాలుగు స్టేషన్లు చూపించాయి. నాలుగు కాలేజీలకూ ముట్టిన డబ్బు ఒక్కటే. ఓక్లహోమాకు ఒళ్ళు మండింది. మండదా మరి? ఓక్లహోమా, జార్జియా కలిసి కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7–2తో ఎన్‌సీఏఏ పెత్తనాన్ని కొట్టేసింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు బైరన్ వైట్. ఆ ధర్మాసనం మీద కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశమంతా పేరు మోసిన మాజీ ఆటగాడు ఆయనొక్కడే. ఆట తెలిసిన జడ్జి అటువైపు నిలబడ్డాడన్నది నేను తరచూ తలచుకునే సంగతి. చట్టం ప్రకారం తీర్పు సరైనదే కావచ్చు. కానీ ఆ నాలుగు స్టేషన్ల కాలేజీకి సమాన వాటా పంచడం మార్కెట్ పని కాదు. ఎవరో పనిగట్టుకుని చెయ్యాల్సిన పని. 1984 తర్వాత ఆ పని చేసే దిక్కు లేకుండా పోయింది.

మా నాన్న భాషలో చెప్తాను. కృష్ణా డెల్టాలో మాది కాలువ చివరి ఊరు. శివారు భూములంటారు. బ్యారేజీ దగ్గర నీళ్ళు నిండుగానే ఉంటాయి. పైనున్నవాడు తూము కాస్త వెడల్పు చేసుకుంటాడు. వాడి కిందివాడు, తనకు తగ్గింది కాబట్టి, తన తూమూ వెడల్పు చేసుకుంటాడు. ఎవరినడిగినా తప్పు పైవాడిదే. మా ఊరికొచ్చేసరికి కాలువలో బురదా, గుర్రపుడెక్కా. అందుకే పూర్వం నీళ్ళు పంచే లస్కర్లుండేవారు, వంతులుండేవి. 1984లో సుప్రీంకోర్టు లస్కరును ఇంటికి పంపేసింది. ఆ తర్వాత తూములు మీ చేతికొచ్చాయి.

2021 జులైలో టెక్సస్, ఓక్లహోమా మీ ఎస్‌ఈసీకి వస్తున్నామన్నాయి శాంకీ గారూ. మరుసటి ఏడాది జూన్ 30న లాస్ ఏంజెలస్ నుంచి యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ దారి పట్టాయి. పెటిటి గారూ, అప్పటికి మీరింకా ఆ కుర్చీలోకి రాలేదు, ఒప్పుకుంటాను. 2023 ఆగస్టు 4, శుక్రవారం మాత్రం మీరే ఉన్నారు. ఆ రోజు పొద్దున మా కాన్ఫరెన్స్ కాలేజీల అధ్యక్షులు ఆపిల్‌తో టీవీ ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి కూర్చోవాలి. సాయంత్రానికి ఆరెగన్, సియాటిల్‌లోని వాషింగ్టన్ మీ గూటికి చేరాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి వెళ్ళాయి. కొలరాడో ఆపాటికే వెళ్ళిపోయింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న రెండు కాలేజీలు అట్లాంటిక్ తీరం పేరున్న పొత్తులో. పది అని పేరు పెట్టుకున్న మీ బిగ్ టెన్‌లో ఇప్పుడు పద్దెనిమిది. లెక్కలు, భూగోళం రెండూ నేర్పే సంస్థలే ఇవన్నీ.

వందేళ్ళు దాటిన పొత్తులో చివరికి మిగిలింది ఇద్దరం. మేము, ఆరెగన్ స్టేట్. పసిఫిక్ పేరుకి మా ఇద్దరి అంకె తగిలించి ‘పాక్-2’ అని ఎగతాళి చేశారు. మేం కూడా నవ్వాం, ఏడ్చి లాభం లేదు కనుక. విట్‌మన్ కౌంటీ కోర్టులో దావా వేసి, ఆస్తుల మీద అజమాయిషీ గెలుచుకున్నాం. వెళ్ళిపోయిన పది కాలేజీల వాటాల్లోంచి 6.5 కోట్ల డాలర్లు పట్టుకునేలా రాజీ కుదిరింది. డబ్బు సంగతి అలా కొంత సర్దుకుంది. ఎవరితో ఆడాలన్నదే తెగలేదు. 2025 సీజన్‌లో మేమూ ఆరెగన్ స్టేటూ ఒకే నవంబరులో ఒకరితో ఒకరం రెండుసార్లు ఆడుకున్నాం. నెల మొదటి రోజున వాళ్ళ ఊళ్ళో, నెలాఖరున మా ఊళ్ళో. ఇద్దరే ఉన్న ఇంట్లో వామనగుంటలు ఆడుకున్నట్టు.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు నన్ను జాలిగా చూస్తుంటారు. వద్దు. మేమేమీ మడి కట్టుకు కూర్చున్నవాళ్ళం కాదు.

1959లో ఆ పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ చెదిరిపోయినప్పుడు పెద్దవాళ్ళు ఐదుగురూ వేరే గుంపు కట్టారు. 2023లో చెదిరింది ఆ గుంపే. పుల్‌మన్, మాస్కో రెండూ బయటే మిగిలాయి. 1962లో మమ్మల్ని పిలిచారు, వెళ్ళాం. రెండేళ్ళకు ఆరెగన్ కాలేజీలు రెండూ చేరాయి. మాస్కోను ఎవరూ పిలవలేదు. ఎనిమిది మైళ్ళ అవతల ఉన్న మా పొరుగువాడి కోసం మేం పట్టుబట్టి ఒక ఓటు వేశామన్న కథ మా ఊళ్ళో నేనెక్కడా వినలేదు. తర్వాత ఐడహో ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో. బిగ్ స్కై, బిగ్ వెస్ట్, సన్ బెల్ట్, వెస్టర్న్ అథ్లెటిక్. ఆ వెస్టర్న్ అథ్లెటిక్ 2012 సీజన్‌తో ఫుట్‌బాల్‌నే ఆపేసింది. మళ్ళీ సన్ బెల్ట్ రెండేళ్ళకో మూడేళ్ళకో ఇక వద్దంది. 2018లో ఐడహో తనంతట తానే పై మెట్టు దిగి, చిన్న కాలేజీల విభాగంలోకి వెళ్ళిపోయింది. అలా దిగిన మొదటి కాలేజీ అదేనని పత్రికలు రాశాయి. మేం సానుభూతిగా తలలూపాం. ఐదేళ్ళు తిరిగేసరికి మా తలుపు మూసుకుంది.

పోనీ, దెబ్బ తిన్నాకైనా బుద్ధొచ్చిందా? 2024 సెప్టెంబరులో మేమూ ఆరెగన్ స్టేటూ కలిసి పాత పేరు నిలబెట్టుకోవడానికి మౌంటెన్ వెస్ట్ నుంచి బోయిసీ స్టేట్‌ని, శాన్ డియేగో స్టేట్‌ని, ఫ్రెస్నో స్టేట్‌ని, కొలరాడో స్టేట్‌ని లాక్కొచ్చాం. తర్వాత యూటా స్టేట్‌ని. మాకు అంతకుముందు ఆటలు ఇచ్చి ఆదుకున్నది ఆ మౌంటెన్ వెస్టే. ఆ మౌంటెన్ వెస్ట్ తన గుంపు నింపుకోవడానికి ఇల్లినాయ్ నుంచి నార్తర్న్ ఇల్లినాయ్‌ని తెచ్చుకుంది. అమెరికన్ కాన్ఫరెన్స్ కథా ఇంతే. 2023లో సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడా బిగ్ 12కి పోగానే అది కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ నుంచి ఆరు కాలేజీలను ఎత్తుకుపోయింది. కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ ఇంకా కిందికి చెయ్యి చాచింది. పైవాడి తూము, కిందివాడి తూము. నాన్నకు ఈ భాగం వెంటనే అర్థమైంది. “మరి మాస్కో వాళ్ళ కింద ఎవరున్నార్రా?” అన్నారు.

మా దగ్గర బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన క్యామ్ వార్డ్ కథా అలాంటిదే. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో వెలిగితే 2022లో మేం తెచ్చుకున్నాం. రెండు సీజన్లు మాకాడి మయామీకి వెళ్ళాడు. 2025లో ప్రొఫెషనల్ టీములు ఆటగాళ్ళను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. తర్వాతి క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ ఒక్క సీజన్ మెరిసి ఓక్లహోమా చేరాడు. కోచ్ వెళ్ళిపోయాడు. అతని స్థానంలో వచ్చిన కోచ్ ఒక్క సీజన్‌కే ఇంకో పెద్ద కాన్ఫరెన్స్‌కి ఎగిరిపోయాడు. కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ చెమట మీద వందల కోట్లు వస్తుంటే దశాబ్దాల తరబడి వాళ్ళకు ఏమీ ఇవ్వకపోవడమే అన్యాయం. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి పరిమితి ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్లు. మీ కాలేజీలకు అది పరిమితి. శివారు కాలేజీకి అది ఆటల బడ్జెట్‌లో ఎంత ముక్కో మీకు వేరే చెప్పక్కర్లేదు. పాత ఆటగాళ్ళకు చెల్లించాల్సిన 280 కోట్ల డాలర్ల బకాయికోసం ఎన్‌సీఏఏ నుంచి చిన్నవాళ్ళకొచ్చే పంపకాలూ కోసుకుపోతున్నాయి. ఆ టీవీ డబ్బులో వాళ్ళు తిన్నది గోరంత.

పోయేది ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. 2025 జూన్‌లో మా యూనివర్సిటీ అథ్లెటిక్స్ జట్టులో దూరపు పరుగులకే పెద్దపీట వేసి, త్రోలు, జంపులు తీసేసింది, స్ప్రింట్లు, హర్డిల్స్ తగ్గించేసింది. గుండు విసిరే పిల్ల ఏ కాన్ఫరెన్స్ మారింది? ఎవరి టీవీ హక్కులు అడిగింది? మీ వైపు మాత్రం సుఖంగా ఉందా? లాస్ ఏంజెలస్ సాఫ్ట్‌బాల్ అమ్మాయి న్యూజెర్సీలోని రట్గర్స్‌కి వెళ్ళి ఆడి రావాలంటే దేశం ఈ కొస నుంచి ఆ కొసకి. ఫుట్‌బాల్ టీము ఏడాదికి ఐదారుసార్లు బయటికెళ్తుంది, తట్టుకుంటుంది. వారానికి మూడు నాలుగు ఆటలాడే పిల్లలు విమానాశ్రయాల్లో హోంవర్కులు చేస్తున్నారు. ఫుట్‌బాల్‌కి ఒక పొత్తు, మిగతా ఆటలకు పక్క ఊళ్ళతో పాత పొత్తు పెట్టుకోలేమా అన్నది కొత్త ఆలోచనేం కాదు. మీ ఇద్దరూ తలుచుకుంటే అవుతుంది, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ డబ్బు పంపకం మీద నేను మిమ్మల్ని తిట్టబోవడం లేదు. 2026 నుంచి ఏటా 130 కోట్ల డాలర్లు ఈఎస్‌పీఎన్ ఇస్తుంది. అందులో మీ రెండు కాన్ఫరెన్స్‌లకు కలిపి దాదాపు 58 శాతం, అంటే ఒక్కో కాలేజీకి సుమారు 2.1 కోట్ల డాలర్లు. కింది కాన్ఫరెన్స్‌లన్నిటికీ కలిపి 9 శాతం, ఒక్కో కాలేజీకి సుమారు 18 లక్షలు. మీ టీములనే జనం ఎక్కువ చూస్తారు. ఆ వాదన నాకు తెలుసు, కొంత నిజమే. డబ్బు పోతే మేం ఏదోలా బతుకుతాం. ఆట పోతే బతకలేం.

శాంకీ గారూ, 2026 నుంచి మీ టీములు కాన్ఫరెన్స్‌లోపల ఎనిమిదికి బదులు తొమ్మిది ఆటలు ఆడతాయి. దాని పైన పెద్ద కాన్ఫరెన్స్‌లవాళ్ళతో కనీసం ఇంకోటి. పెటిటి గారి టీములు ఎప్పట్నుంచో తొమ్మిది ఆడుతున్నాయి. సీజన్‌లో ఉన్నవి పన్నెండు. మిగిలేవి రెండో మూడో. ఆ రెండు మూడే ఇన్నాళ్ళూ చిన్నవాడు పెద్దవాడి గడప తొక్కే దారి. 2007 సెప్టెంబరు 1న మిషిగన్ 4 లక్షల డాలర్లు ఇచ్చి, ఓడిపోవడానికి ఒక కాలేజీని పిలిపించుకుంది. లక్ష మందికి పైగా పట్టే ఆ స్టేడియంలో వచ్చినవాళ్ళు 34–32తో గెలిచి చక్కా పోయారు. ఎవరో గుర్తుపట్టారా? అపలాచియన్ స్టేట్. 1981లో నాలుగు స్టేషన్లలో కనిపించిన ఆ కాలేజీయే. 2024లో నోటర్ డామ్ 14 లక్షలు ఇచ్చి నార్తర్న్ ఇల్లినాయ్‌ని పిలిచింది, 16–14తో ఓడింది. అంతకుముందు 2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో బోయిసీ స్టేట్ ఓక్లహోమాను 43–42తో ఓడించింది. ఆ రాత్రి అమెరికాలో ఉన్న మావాళ్ళలో ఫుట్‌బాల్ అంటే తెలియనివాళ్ళు కూడా టీవీ కట్టెయ్యలేదు.

నూటికి తొంభై తొమ్మిదిసార్లు మావాళ్ళు ఓడిపోతారు, చెక్కు తీసుకుని బస్సెక్కుతారు. ఆ చెక్కుతోనే ఈతకొలను నడుస్తుంది, అమ్మాయిల సాకర్ నడుస్తుంది. ఆ రెండు మూడు శనివారాలనూ మీలో మీరే, టీవీకి బాగుంటుందని పంచుకుంటే మాకు చెక్కూ ఉండదు, ఆ నూరోసారీ ఉండదు.

ప్లేఆఫ్‌లో చోటిచ్చాం కదా అంటారు. ఇచ్చారు. 2024లో బోయిసీ స్టేట్ వచ్చింది. 2025లో టులేన్, జేమ్స్ మాడిసన్ రెండూ వచ్చాయి. రెండూ తొలి ఆటలోనే ఓడాయి. వెంటనే మొదలైంది, వీళ్ళకు విడిగా ఓ చిన్న పోటీ పెట్టుకోమనండని. జేమ్స్ మాడిసన్ ఆరెగన్ మీద 34 పాయింట్లు కొట్టింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. 2025లో ఇంకో ప్రతిపాదనా వచ్చింది. పదహారు టీముల ప్లేఆఫ్ పెట్టి, మీ రెండు కాన్ఫరెన్స్‌లకు చెరో నాలుగు చోట్లు ముందే రాసేద్దామని. శాంకీ గారూ, మీ కోచ్‌లే దానికి మొగ్గలేదు. అందుకు వాళ్ళకు నా దణ్ణం. ఆడకముందే గెలిచినవాళ్ళ పట్టీ వేస్తే, దాన్ని పోటీ అనరు, విస్తరి వేసి పేరు రాసిపెట్టిన పెళ్ళి పంక్తి అంటారు.

మీరిద్దరూ ఇవన్నీ తెలియనివాళ్ళయితే నేనింత రాయను. పెటిటి గారూ, మీరు చదివింది హావర్‌ఫర్డ్‌లో. ఆటకు స్కాలర్‌షిప్పు కూడా ఇవ్వని చిన్న కాలేజీ. అక్కడ బేస్‌బాల్ ఆడారు. టీవీ కెమెరా ఎప్పుడైనా వచ్చిందా? శాంకీ గారూ, మీరు కార్ట్‌లాండ్‌లో చదివి, ఎస్‌ఈసీకి రాకముందు సౌత్‌ల్యాండ్ కాన్ఫరెన్స్‌కి కమిషనర్‌గా చేశారు. అప్పట్లో మీ కింద ఉన్న కాలేజీల్లో ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ఒకటి. మా తెలుగు పిల్లలు వేలల్లో ఎమ్మెస్ చేసిన చోటు. అది మీ హయాంకి ముందే, 1985 సీజన్ తర్వాత, ఫుట్‌బాల్ మానేసింది. మావరిక్ స్టేడియం మాత్రం ఇప్పటికీ ఉంది, పరుగు పందేలకి వాడుకుంటున్నారు. అక్కడ చదివిన మా బంధువుల కుర్రాణ్ణి మీ కాలేజీ టీము ఏది అంటే, డాలస్ కౌబాయ్స్ అంటాడు. కౌబాయ్స్ స్టేడియం ఉన్నది ఆ ఊళ్ళోనే కదా మరి.

శాంకీ గారూ, సౌత్‌ల్యాండ్‌లో చిన్న ఊళ్ళ లెక్కలు రాసిన చేతులు మీవి. శనివారం ఆట లేకపోతే మోటెళ్ళు, పిజ్జా కొట్లు, సండే చర్చి బయట కబుర్లు ఏమవుతాయో మీకు చెప్పాల్సిన పని లేదు.

అందుకని అడిగేది కొంచెమే. మీ ప్రతి టీమూ ఏటా ఒక్క శనివారం తన రాష్ట్రంలోనో, పక్క రాష్ట్రంలోనో ఉన్న చిన్న కాలేజీకి రాసివ్వాలి. ఒక ఏడాది మీ ఊళ్ళో, కొన్నేళ్ళకోసారైనా వాళ్ళ ఊళ్ళో. దాన్ని మీ కాన్ఫరెన్స్ నియమాల్లో రాసుకోండి. పెద్దవాళ్ళతో ఒకటి తప్పనిసరి అని రాసుకున్నారు కదా, అలాగే. దీనివల్ల మీకు పెద్ద నష్టమేమీ లేదు. మా ఆపిల్ కప్పునే చూడండి. 1900లో మొదలైన మా, సియాటిల్ వాషింగ్టన్‌ల ఆట. థాంక్స్‌గివింగ్ వారం, చలిలో, ఒక్కోసారి మంచులో ఆడేవాళ్ళం. వాళ్ళు మీ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాక దాన్ని సెప్టెంబరు ఎండలోకి జరిపారు. ఒప్పందం 2028దాకా ఉంది, తర్వాత ఎవరికీ తెలీదు. 2024లో సియాటిల్‌లో మావాళ్ళు 24–19తో గెలిచారు. ఆఖర్లో వాళ్ళు ఒక్క గజం దూరంలో నిలబడి, ఆ ఒక్క గజం దాటలేకపోయారు. సియాటిల్ నుంచి ఐదు గంటలు కారు నడిపి పుల్‌మన్ చేరేసరికి బాగా రాత్రయింది. పెట్రోలు బంకులో ఊదారంగు చొక్కా వేసుకున్న వాళ్ళ అభిమాని ఒకాయన నా కారు టైరులో గాలి తక్కువుందని చెప్పి, తనే కొట్టి పెట్టాడు. పెద్ద కాలేజీ మనిషే.

మా ఊరి జెండా ఒకటుంది. ఈఎస్‌పీఎన్ వాళ్ళ శనివారం పొద్దుటి కార్యక్రమం ఏ ఊళ్ళో జరిగినా, వెనక జనంలో మా కాలేజీ జెండా ఊగుతుంది. 2003 నుంచి ఒక్క వారం తప్పలేదు. మా టీము ఆడని ఊళ్ళలో, మా కాన్ఫరెన్స్ లేని ప్రాంతాల్లో, ఎవరో ఒక పాత విద్యార్థి వెళ్ళి ఊపుతాడు. మీ టీవీలో మేం ఇప్పుడు ఎక్కువగా కనిపించేది అలాగే. అందరి పెళ్ళిళ్ళకూ వెళ్ళి ఫొటోలో వెనక నిలబడే చుట్టంలాగా.

ఆగస్టులో ఒకసారి రండి. ఇద్దరూ రండి. అప్పుడిక్కడ నేషనల్ లెంటిల్ ఫెస్టివల్ జరుగుతుంది. లెంటిల్ అంటే మేం మైసూరు పప్పు అనేదే. ఈ పలూస్ కొండల్లో విరివిగా పండుతుంది. పండగనాడు వీధిలో పెద్ద గంగాళంలో పప్పుచారు లాంటిది కాచి ఊరందరికీ పోస్తారు. ఉప్పూ కారం తక్కువ. మా ఇంట్లో నేను పోపు పెట్టి ఇస్తాను. మా కాలేజీ డెయిరీ చీజ్‌ని రేకు డబ్బాల్లో పెట్టి అమ్ముతుంది, అది చెరో డబ్బా పట్టుకెళ్ళండి.

మర్నాడు పొద్దున్నే మాస్కోకి పోదాం. పాత రైలు దారిని ఇప్పుడు నడకదారి చేశారు. రెండు వైపులా కోసిన గోధుమ మోళ్ళు, మధ్యలో రాష్ట్ర సరిహద్దు. దారి పొడుగునా మీకు ఈ కథే మళ్ళీ చెప్తాను, ఈసారి ఇంగ్లీషులో. నాన్న కూడా వస్తానన్నారు, ఆయనకు వీసా ఇంకా ఉంది. బూట్లు మాత్రం పాతవి వేసుకు రండి, ఎనిమిది మైళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎవరు దింపాలన్నది మాస్కో వాళ్ళనే అడుగుదాం.

ఇట్లు,
మార్టిన్ స్టేడియంలో రెండు టికెట్ల హక్కుదారు,
పుల్‌మన్